కొంగ బండిలో ఆడపడుచు వాటా

"ఇంజనేది?" అన్నాడు అంకమ్మరావు మళ్ళీ.

వరండా మూలన నీలం పట్టా మడతపెట్టి ఉంది. ఆ పట్టా కింద ఇన్నేళ్ళుగా కాపురం చేస్తున్న బుల్లెట్ ఇంజను మాత్రం లేదు. దాని చోట నల్లటి నూనె మరక మిగిలింది.

ప్రసన్నలక్ష్మి గడప పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తలెత్తలేదు.

"పంపించేశా."

"ఎక్కడికి?"

"గుడివాడ."

బందరులో, గిలకలదిండి దారిలో ఉన్న ఆ ఇంట్లో గుడివాడ పేరు పొరపాటున కూడా ఎత్తరు. కూతురు వర్షిణి రోజూ బస్సెక్కి ఉద్యోగానికి వెళ్ళేది ఆ ఊరికే. అయినా "ఆఫీసుకెళ్తున్నా" అంటుంది తప్ప ఊరి పేరు చెప్పదు. గుడివాడ అంటే బాబ్జీ. బాబ్జీ అంటే ప్రసన్నలక్ష్మి సొంత తమ్ముడు. ఆ తమ్ముడి పేరు వింటే అంకమ్మరావుకి తిన్న అన్నం అరగదు.

"ఎవర్నడిగి పంపించావు?"

"ఎవర్నీ అడగలా. నిన్న మీరు హార్బరుకి పోయాక వాసు ఆటో పిలిపించి, చేపల పెట్టెల మధ్యన పెట్టించి పంపించా. ఎత్తడానికి నలుగురు మనుషులు కావాల్సొచ్చింది."

"ఎవరు ఎత్తారని కాదు నేనడిగేది."

"తెలుసు."

అంకమ్మరావు ఆ మరక వంక చూస్తూ నిలబడ్డాడు. పడవ ఇంజన్లు బాగుచేసి బతికే మనిషి. హార్బరులో ఎంత మొండి డీజిల్ ఇంజనైనా ఆయన చెయ్యి పడితే దగ్గి లేస్తుంది. అలాంటి మనిషికి సొంత ఇంట్లో ఇంజను మాయమైతే ఎలా ఉంటుందో చెప్పాలా?

జడ వేసుకుంటున్న వర్షిణి లోపలినుంచి తొంగి చూసింది.

"వెళ్ళి తెచ్చుకో నాన్నా. గంట ప్రయాణం. మావయ్య వెల్డింగ్ షెడ్డు బస్టాండు వెనకే."

"వాడి షెడ్డు ఎక్కడుందో నాకు నువ్వు చెప్పక్కర్లేదు."

"మరి వెళ్ళు."

వెళ్ళలేడు. బాబ్జీ గుమ్మం తొక్కనని పదిమందిలో అన్న మాట ఉంది. బాబ్జీ కూడా అదే రోజు, అదే పదిమందిలో, బావ గుమ్మం తొక్కనన్నాడు. ఇద్దరికిద్దరూ సరిపోయారు. ఇరవై ఏళ్ళు దాటిపోయినా ఆ మాటని పసిబిడ్డని సాకినట్టు సాకుతున్నారు. మధ్యలో పుట్టిల్లు లేకుండా పోయింది ప్రసన్నలక్ష్మికి. అమ్మానాన్నా ఎప్పుడో వెళ్ళిపోయారు. మిగిలిన ఒక్క తమ్ముడూ ఆవిడ ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగడు. వర్షిణి పుట్టినప్పుడు కూడా ఆసుపత్రి గేటు దగ్గరే నిలబడి, పసిదాన్ని చూసి వెళ్ళిపోయాడు. ఆవిడకి కావలసింది ఒక్కటే. తమ్ముడు తన గుమ్మంలోకి రావాలి.

వర్షిణి ఫోను మోగింది. పేరు చూసి, తండ్రి వంక చూసి, కావాలనే స్పీకరు పెట్టింది.

"చెప్పు మావయ్యా."

"ఏమ్మా, మీ నాన్న ఇంజను నా షెడ్డు బయట రోడ్డు వార పడుంది. నేను దాన్ని ముట్టుకోను. పంపకంలో అది నాది కాదు. మబ్బు పట్టింది. తడిస్తే నాకు సంబంధం లేదని చెప్పు."

"నాన్న ఇక్కడే ఉన్నాడు మావయ్యా. నువ్వే చెప్పు."

"నేను నీతో మాట్లాడుతున్నా."

అంకమ్మరావు గోడకేసి తిరిగి, గోడతో అన్నాడు. "దాని మీద ఓ గోనెపట్టా కప్పమను."

"ముట్టుకోనని చెప్పానుగా. పట్టా కప్పినా ముట్టుకున్నట్టే."

"మాగ్నెటోలో నీళ్ళు పోతే కాయిలు మళ్ళీ చుట్టించాల్సొస్తుందని చెప్పు."

"ఆ సంగతి పంపించినవాళ్ళకి తెలియాలని చెప్పు."

వర్షిణి ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఫోను చేతిలో పట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. అటు పక్క లైను కట్టయింది.

ప్రసన్నలక్ష్మికి మాత్రం నవ్వు రాలేదు. ఇంజను చూస్తే తమ్ముడి మనసు కరుగుతుందనుకుంది. ఆ షెడ్డులో దూలానికి వేలాడుతున్న, తమ్ముడి వాటాకొచ్చిన బండి ఫ్రేము కిందకి దిగుతుందనుకుంది. ఆవిడ వేసిన ఎత్తు రోడ్డు వార పడి తడవబోతోంది.

నిజానికి ఆ రెండూ ఒకే బండి. ఆ బండిని చూసినవాళ్ళు ఇప్పటికీ బందరులో ఉన్నారు, అడిగి చూడండి. పెళ్ళయిన కొత్తల్లో బావా బావమరదులిద్దరూ గుడివాడ షెడ్డులో కూర్చుని ఒక పాత బుల్లెట్‌ని నిలువునా కోసి, అమెరికా సినిమాల్లో కనపడే పొడుగు బండిలా చాపర్ చేశారు. మెడ వెనక్కి వాల్చారు. ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు మనిషి పొడుగున సాగదీశారు. హ్యాండిల్ ఎంత ఎత్తంటే, పట్టుకున్నవాడు జామకొమ్మకి వేలాడుతున్నట్టుండేవాడు. సీటు నేలకి జానెడెత్తున. ట్యాంకు రేకు బాబ్జీ చేత్తో సాగగొట్టింది, ఇంజను అంకమ్మరావు ఒక్కో బోల్టూ విప్పి బిగించింది. కోనేరు సెంటర్లో అది వస్తుంటే రిక్షాలు పక్కకి తీసి చూసేవాళ్ళు. జనం దానికి కొంగ బండని పేరు పెట్టారు.

ప్రసన్నలక్ష్మి ఆ బండి వెనక కూర్చుని మంగినపూడి వెళ్ళింది, పెడన వెళ్ళింది, అవనిగడ్డ వెళ్ళింది. చీర కుచ్చిళ్ళు దోపుకుని, మొగుడి నడుం పట్టుకుని, రెండు పక్కలా వరిచేలు వెనక్కి పరుగెడుతుంటే ఎంత గర్వంగా ఉండేదో. ఇప్పటికీ ఎక్కడైనా బుల్లెట్ చప్పుడు వినపడితే చేతిలో పని ఆపేస్తుంది.

ఒకరోజు బావా బావమరదులిద్దరూ హంసలదీవి వెళ్తుంటే కోడూరు దాటాక ముందు చక్రం నేల వదిలి తేలిపోయింది. మెడ దగ్గర అతుకు వీడి, బండి మనుషులతో సహా పొలంలోకి పోయింది. అంకమ్మరావుకి భుజం ఎముక విరిగింది. ఫోర్కు అంత పొడుగు పెట్టబట్టే పడ్డామని ఆయన, ఇంజను అంత వెనక్కి బిగించబట్టే ముందు బరువు లేక తేలిందని బాబ్జీ. ఎముక అతుక్కుంది గానీ మాట అతుక్కోలేదు. "గేట్లు అతికేవాడివి" అని ఒకరు, "పడవలకి మోటార్లు బిగించేవాడివి" అని ఒకరు.

చివరికి నాగాయలంక అవతల వాళ్ళ పాలెంలో పంచాయితీ పెట్టారు. తీర్పు చెప్పింది కులపెద్ద రత్తయ్య. ఆయనకి తెలిసిన పంపకం ఒక్కటే, పడవ పంపకం. భాగస్తులు విడిపోతే ఒకరికి పడవ, ఒకరికి ఇంజను. ఆ ఇంజను ఇంకో పడవకి పనికొస్తుంది, ఆ పడవకి ఇంకో ఇంజను పనికొస్తుంది, ఎవరికీ నష్టం లేదు. మోటారు సైకిలుకీ అదే తీర్పు చెప్పేశాడు. ఇంజను బావకి, మిగతాది బామ్మర్దికి. ఆ ఫ్రేము ఆ ఒక్క ఇంజను కొలతకి కోసిందని, ఇంకోటి అందులో పట్టదని ఎవరూ అనలేదు. తెలిసిన ఇద్దరూ పౌరుషంతో నోరు మూసుకున్నారు.

చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి ప్రసన్నలక్ష్మి లేచింది.

"వర్షిణీ, ఇవాళ సెలవు పెట్టు. నాగాయలంక వెళ్తున్నాం."

"ఎందుకు?" అన్నాడు అంకమ్మరావు.

"రత్తయ్య తాత దగ్గరికి. పంచిన నోటితోనే కలపమంటా."

"పంచింది మళ్ళీ కలపడం మన పాలెంలో లేదు."

"ఆయన మంచం పట్టాడు. ఆయన పోతే మీ పంపకం రాయైపోతుంది. అప్పుడింక ఎవరూ విప్పలేరు. ఆ తరవాత నేను కూడా పోతా. నా పాడె దగ్గరికైనా మా తమ్ముడు లోపలికొస్తాడో, గేటు దగ్గరే నిలబడతాడో."

అంకమ్మరావు ఆవిడ చీర మార్చుకుని వచ్చేదాకా ఆ మరక దగ్గరే నిలబడి ఉన్నాడు.

*

రత్తయ్య నవారు మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు. చూపు మందగించింది గానీ గొంతు తగ్గలేదు. ప్రసన్నలక్ష్మి చెప్పిందంతా విని, కోడలి చేత రెండు ఫోన్లు చేయించాడు. పెద్ద పిలిస్తే రానని అనే అలవాటు ఆ కులంలో ఇంకా రాలేదు. మధ్యాహ్నం ఎండ వాలేలోగా ఇద్దరూ దిగారు, ఒకడు బందరు బస్సులో, ఒకడు స్కూటరు మీద. పందిరికి ఆ కొసన ఒకడు, ఈ కొసన ఒకడు కూర్చున్నారు.

బాబ్జీ జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. అంకమ్మరావు ఓరకంట ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు. ఏమనుకున్నాడో ఏమో, భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"చెప్పమ్మాయ్," అన్నాడు రత్తయ్య. "నీ మొగుడి వస్తువు వాడికి చెప్పకుండా పంపించావు. తప్పా కాదా?"

"తప్పే తాతా."

"మరి?"

"నాదో తప్పు, మీదో తప్పు. మీ తప్పు ముందుది."

పందిట్లో కూర్చున్న నలుగురూ కదిలారు. రత్తయ్యని అలా అనేవాళ్ళు ఆ పాలెంలో లేరు. కోడలు కాఫీ గ్లాసులు పట్టుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నా తప్పేంటి?"

"పడవ పంచేటప్పుడు ఆడపడుచు వాటా తీయరా తాతా?"

"తీస్తాం. ఆ ఇంటి ఆడపడుచుని పిలుస్తాం. పడవలోంచి తనకి కావలసింది ఏదో ఒకటి ముందుగా ఆవిడ చేత్తో తీసుకుంటుంది. తాడైనా సరే, తెడ్డైనా సరే. ఆ తరవాతే పంపకం."

"తీయకపోతే?"

"తీయకపోతే పంపకం చెల్లదు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ ముసలాయనకి తగల్లేదు. చెయ్యి గాల్లోనే ఆగింది.

"ఆ రోజు నన్ను పిలిచారా తాతా?" అంది ప్రసన్నలక్ష్మి. "పంపకం మా పుట్టింటికీ మా అత్తింటికీ మధ్యన. రెండు పక్కలా ఉన్న మనిషిని నేనొక్కదాన్నే. నేను బందరులో పొయ్యి దగ్గర ఉన్నా. మీరందరూ ఇక్కడ కూర్చుని తేల్చేశారు. సాయంత్రం ఈయన ఇంజను ఆటోలో వేసుకుని ఇంటికొస్తే నాకు తెలిసింది, నాకు ఇంక తమ్ముడు లేడని."

"అది పడవ కాదు కదమ్మా. బండి కదా అని..."

"పడవ లెక్కన పంచారుగా. పడవ కట్టుబాటు అంతా ఉండాలా, సగమే ఉండాలా?"

బాబ్జీ నేల చూస్తున్నాడు, అంకమ్మరావు తువ్వాలు అంచు నలుపుతున్నాడు. ఆ ఇద్దరికీ ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తట్టని సంగతి అది. చాపర్‌కి మెడ ఎంత వాల్చాలో తెలుసు గానీ, ఇంటి ఆడదాన్ని ఒక మాట అడగాలని మాత్రం తెలియలేదు.

"నా తప్పే," అన్నాడు రత్తయ్య చివరికి. "పంపకం చెల్లదు. నీ వాటా ఇప్పుడు కోరుకో. తాడా, తెడ్డా?"

"బండి."

"ఏ ముక్క?"

"ముక్కలు నాకొద్దు తాతా. మొత్తం బండి. ఇద్దరూ కలిసి బిగించి, నడుపుకుంటూ తెచ్చి నా గుమ్మం ముందు పెట్టాలి. అదే నా వాటా."

ముసలాయన బోసి నోటితో నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. కోడలు వీపు నిమిరింది.

"విన్నార్రా ఇద్దరూ? పొండి. బిగించండి. ఆవిడ గుమ్మం ముందు పెట్టాక, మర్నాడే ఇక్కడికి తీసుకురండి. ఆ చప్పుడొకసారి వినాలని ఉంది నాకు. ఆలస్యం చెయ్యకండి, నాకంత వ్యవధి లేదు."

*

గుడివాడ షెడ్డు దగ్గర ఆ వారమంతా జరిగిన వింత చూసి తీరాలి. బాబ్జీ దూలం మీంచి ఫ్రేము దింపాడు. తుప్పు పట్టలేదు. పట్టకుండా ఏటా నూనె రాస్తూనే ఉన్నాడని అప్పుడు బయటపడింది. షెడ్డు గుమ్మం తొక్కకుండా రోడ్డు వారనే కూర్చుని అంకమ్మరావు ఇంజను విప్పాడు. పిస్టను అద్దంలా ఉంది. ఆయన కూడా ప్రతి వర్షాకాలం ముందూ పట్టా తీసి, కిక్కు రాడ్డు కదిపి, నూనె మారుస్తూనే ఉన్నాడు. ఇద్దరి దొంగతనమూ ఇద్దరికీ తెలిసిపోయింది. అయినా ఒక్క మాట లేదు.

మాటలెందుకు, చేతులకి గుర్తుంది. అంకమ్మరావు వెనక్కి చెయ్యి చాపితే ఆ చేతిలో సరైన స్పానరే పడేది. బాబ్జీ వెల్డింగ్ అద్దం మొహాన పెట్టుకోగానే, అడగకుండానే పైపు అవతలి కొస కదలకుండా పట్టుకునేవాడు బావ. మధ్యాహ్నం వేళకి ఒకడు హోటల్ నుంచి పొట్లం తెప్పించుకునేవాడు, ఒకడు ఇంటినుంచి తెచ్చిన క్యారేజీ విప్పేవాడు. ఒకరి వీపు ఒకరికి పెట్టి తినేవాళ్ళు. ఆఫీసు నుంచి రోజూ వచ్చి చూసిపోయే వర్షిణి ఇంటికెళ్ళి తల్లికి నటించి చూపించేది.

"నవ్వకే," అనేది ప్రసన్నలక్ష్మి. తనే ముందు నవ్వేది.

ఆదివారం ఉదయం తల్లీ కూతుళ్ళు వాసు ఆటోలో గుడివాడ చేరేసరికి కొంగ బండి షెడ్డు ముందు నిలబడి ఉంది. నల్ల ట్యాంకు మెరుస్తోంది. ఫోర్కు ఎప్పటిలాగే ముందుకు సాగి ఉంది. పక్క షాపులవాళ్ళంతా రోడ్డు మీదకి వచ్చేశారు.

అంకమ్మరావు కిక్కు కొట్టాడు. పలకలేదు. ఇంకోసారి కొట్టాడు. ఉహూ. ఆయన చెమట తుడుచుకుంటుంటే బాబ్జీ వంగి, మాట్లాడకుండా, కార్బొరేటరు మీద చిన్న గుబ్బ రెండుసార్లు నొక్కి పెట్రోలు తొణికేదాకా ఆగి, లేచి పక్కకి తప్పుకున్నాడు. ఈసారి కొట్టిన కిక్కుకి బండి ఒళ్ళు విరుచుకుని లేచింది. ఆ చప్పుడుకి షెడ్డు రేకులు గలగలలాడాయి. షాపులవాళ్ళు ఈలలు వేశారు. ప్రసన్నలక్ష్మికి కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారిపోయాయి. తుడుచుకోలేదు, ఎవరు చూస్తే ఏమిటనుకుంది.

ఇద్దరూ కలిసి తేవాలన్నది తీర్పు. అంకమ్మరావు ముందు కూర్చున్నాడు. బాబ్జీ కాసేపు తటపటాయించి వెనక ఎక్కాడు. పట్టుకోవడానికి వేరే ఏమీ లేక బావ భుజం పట్టుకున్నాడు. విరిగి అతికిన భుజమే. అంకమ్మరావు వదిలించుకోలేదు.

బండి కదిలింది. వెనకే వాసు ఆటో. గుడ్లవల్లేరు ఇంజనీరింగు కాలేజీ దగ్గర టీ బంకుల ముందున్న కుర్రాళ్ళు గ్లాసులు కింద పెట్టేసి ఫోన్లు పైకెత్తారు. కొందరు బైకుల మీద వెంటపడ్డారు. చేతులు పైకెత్తి, ఛాతీ విరుచుకుని, నెరిసిన మీసం గాలికి వదిలేసి అంకమ్మరావు సర్కారు వారి బండి నడుపుతున్నంత హుందాగా నడుపుతున్నాడు. కవుతరంలో ధాన్యం లారీ డ్రైవరు ఆపి దారిచ్చి, హారను కొట్టి దండం పెట్టాడు. కాలవ గట్టు మీద బట్టలుతికే ఆడవాళ్ళు నడుం మీద చెయ్యి పెట్టుకుని చూశారు.

"అమ్మా, వాళ్ళు మాట్లాడుకుంటున్నారా?" అంది వర్షిణి ఆటోలోంచి మెడ చాచి.

"లేదు."

"ఇంత దూరం కలిసొచ్చి కూడానా?"

"లేదే. నోరు కదల్లేదు. నేను చూస్తూనే ఉన్నా."

పెడన వచ్చింది, వెళ్ళింది. బందరు పొలిమేరలో జనం ఇంకా పెరిగారు. కోనేరు సెంటర్లో పండ్ల కొట్టు ముసలాయన ఒకడు లేచి నిలబడి "కొంగ బండి వచ్చిందిరా" అని కేక పెట్టాడు. తన జీవితంలో ఇంత ఊరేగింపు ఇంకోటి చూడలేదు ప్రసన్నలక్ష్మి. తన పెళ్ళి ఊరేగింపు కూడా దీని ముందు దిగదుడుపే.

*

బండి ఇంటి ముందు ఆగింది. అంకమ్మరావు స్టాండు వేసి దిగాడు. బాబ్జీ కూడా దిగాడు. వాకిట్లో ముగ్గు ఉంది. ముగ్గు ఇవతల నిలబడ్డాడు బాబ్జీ.

"అక్కా, నీ వాటా నీకు ముట్టింది," అన్నాడు. "నేను బస్సుకి పోతా."

"లోపలికి రారా."

"పోతానక్కా."

"ఇంత దాకా వచ్చి..."

"నువ్వు పిలుస్తూనే ఉన్నావు ఇన్నేళ్ళూ. పిలవాల్సిన మనిషి పిలవలా."

ప్రసన్నలక్ష్మి మొగుడి వంక చూసింది. అంకమ్మరావు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని టైరు నొక్కి చూస్తున్నాడు. వినపడనట్టే ఉన్నాడు. పంపకం రద్దయింది, బండి కలిసింది, ఊరంతా చూసింది. ఈ మనిషి నోట్లోంచి ఒక్క మాట రాలడానికి ఇంకే పెద్దని పట్టుకురావాలి?

బాబ్జీ చెప్పులు సరిచేసుకుని వీధి వైపు తిరిగాడు. నాలుగడుగులు వేశాడు.

"పెడన దాటాక తేలింది," అన్నాడు అంకమ్మరావు, టైరుతో.

బాబ్జీ ఆగాడు. "ఏది?"

"ముందు చక్రం. వంపు తిరిగేటప్పుడు. అప్పటిలాగే."

"తేలదూ మరి? ఇంజను ఇప్పుడు కూడా అక్కడే బిగించావు. రెండంగుళాలు ముందుకి జరపమని అప్పుడే మొత్తుకున్నా."

"ఇంజను సంగతి కాదు. ఫోర్కు పొడుగు."

"పొడుగు కాదు బావా. బరువు."

బావా అన్నాడు. అన్న సంగతి వాడికి తెలియదు. ప్రసన్నలక్ష్మి గడప ఎక్కి ద్వారబంధం పట్టుకుంది.

"బరువంటావా? చాక్‌పీసు తీసుకొస్తా ఉండు, గీసి చూపిస్తా." అంకమ్మరావు విసవిసా వరండాలోకి వెళ్ళిపోయాడు. లోపలినుంచే అరుస్తున్నాడు. "మెడ ఇక్కడ, ఇరుసు ఇక్కడ. ఈ కొలత ఇంత ఉంటే చక్రం తిన్నగా ఎలా పోతుందనుకున్నావు?"

"అక్కడ కాదు నువ్వు గీయాల్సింది. నాకిటివ్వు చాక్‌పీసు."

బాబ్జీ గేటు తోశాడు. ముగ్గు తొక్కాడు. చెప్పులతోనే గడప దాటాడు. దాటి బావ చేతిలో చాక్‌పీసు లాక్కుని, నూనె మరక పక్కన గచ్చు మీద మోకాళ్ళేసి కూర్చున్నాడు.

"మావయ్యా, చెప్పులు..." అనబోయిన వర్షిణి చెయ్యి ప్రసన్నలక్ష్మి గట్టిగా నొక్కింది. నోరెత్తకు అన్నట్టు తల అడ్డంగా ఊపింది.

పోట్లాట హోరెత్తిపోయింది. ఒకడు గీస్తే ఇంకొకడు అరచేత్తో చెరిపి మళ్ళీ గీస్తున్నాడు. గేట్లు అతికేవాడు మళ్ళీ వచ్చాడు, పడవ మోటార్లవాడు మళ్ళీ వచ్చాడు. ఇరవై ఏళ్ళు ఒక్కొక్క మాటే దాచుకున్నట్టున్నారు, ఇద్దరూ గుమ్మరించేస్తున్నారు. పక్కింటివాళ్ళు గోడ మీంచి చూస్తున్నారు. చూడనీ. ఆ ఇంట్లో ఇన్నేళ్ళూ ఉన్న నిశ్శబ్దం కంటే ఈ గోల ఎంత హాయిగా ఉందో ఆవిడకే తెలుసు.

"సరే. కోసేద్దాం," అన్నాడు బాబ్జీ చివరికి.

"ఏది?"

"రెండూ. ఫోర్కు నువ్వు చెప్పినంత తగ్గిద్దాం. ఇంజను నేను చెప్పినంత జరుపుదాం. ఎవడిది రైటో తేలిపోతుంది."

"ఎప్పుడు?"

"పొద్దున్నే."

"మరి రత్తయ్య తాత?" అంది వర్షిణి గాభరాగా. "రేపు బండి తీసుకురమ్మన్నాడుగా. వాకిట్లోకి మంచం వేయించుకుని కూర్చుంటాడు పాపం. కోస్తే వారం పడుతుంది. ఆయనకి వ్యవధి లేదన్నాడు."

ఇద్దరు మగాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బాబ్జీ చాక్‌పీసు కింద పెట్టాడు. అప్పుడు చూసుకున్నాడు తన చెప్పుల్ని, కింద గచ్చుని, వెనక దాటి వచ్చిన గడపని. మొహం పాలిపోయింది. లేవబోయాడు.

అంకమ్మరావు చెయ్యి వాడి భుజం మీద పడింది. లేవకుండా అదిమింది.

"ప్రసన్నా," అన్నాడు, వంటింటి వైపు తిరిగి, గొంతు సవరించుకుని. "మీ తమ్ముడికి కంచం పెట్టు."